జలకన్యలో పన్నెండుగురు పేషెంట్లు

"నూట తొంభై బై నూట పది," అన్నాడు డాక్టరు, చేతికి కట్టిన పట్టీ విప్పుతూ.

బెంచీ మీద కూర్చున్న సిద్దిరాములు మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. మూలన నిలబడ్డ రహమాన్ సాబ్ ముఖం మాత్రం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

"షాబాష్! పక్కానా డాక్టర్ సాబ్?"

"పక్కా. దీంట్ల సంబురపడేదేమున్నదో నాకైతే సమజ్ కాలేదు." డాక్టరు గోలీలు రాసిచ్చి, ఉప్పు ముట్టవద్దని రెండుసార్లు చెప్పి బయటికి నడిచాడు.

రహమాన్ సాబ్ తలుపు మూశాడు. అది కరీంనగర్‌లో ఒక విత్తనాల గోదాము. బయట బోర్డు అదే చెబుతుంది. లోపల మాత్రం రెండు జిల్లాల సీక్రెట్ సర్వీస్ నడుస్తుంది. రహమాన్ దానికి చీఫ్. సిద్దిరాములు ఇరవై ఏళ్లుగా అతని ఏజెంటు. గోదావరి ఒడ్డున, వాళ్ల మాటలో గంగ ఒడ్డున, ధర్మపురి దగ్గర పుట్టినవాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో మూడు ఎడ్లతోనే.

అది అరవై ఐదు సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది.

"దేఖో సిద్దిరాములూ," అన్నాడు చీఫ్, మ్యాపు పరుస్తూ. "డాక్టర్ వోల్మర్ అని ఒక విదేశీయుడు దిగిండు. బ్లడ్‌ప్రెషర్ ఉన్నోళ్లకు గంగ మీద గాలి చికిత్స అట. లాంచీ పేరు జలకన్య. ధర్మపురిల ఎక్కుడు, మూడు దినాలు విహారం, మంచిర్యాల కాడ దిగుడు. పైస తీసుకోరు. ముఫత్."

"ముఫత్ అంటె మందుల్నే మతలబుంటది."

"అదే. ఒక బొగ్గు బాయి నుంచి బండలు పేల్చే జిలెటిన్ ఎనిమిది పెట్టెలు మాయమైంది. అదే వారం వోల్మర్ పెట్టెలు లాంచీ ఎక్కినయ్. బుధవారం పదకొండు నలభైకి మంచిర్యాల గంగ బ్రిడ్జి మీద మిలిటరీ స్పెషల్ బండి పోతది. ఆరు వందల మంది జవాన్లు, మందుగుండు. యుద్ధం ఆగదు, బండీ ఆగదు. లాంచీని ఇప్పుడు పట్టుకుంటే పెట్టెలు నీళ్లల్ల ఏస్తరు, ముఠా అడవిల పడ్తది. లోపలి మనిషి కావాలె. నిజమైన పేషెంటు కావాలె. మన డిపార్ట్‌మెంటుల నీకే ఉన్నది ఆ భాగ్యం."

సిద్దిరాములు మ్యాపు మీద బ్రిడ్జి గీతపై వేలు పెట్టాడు.

"గా బ్రిడ్జి మీద కీమ్యాన్ మా తమ్ముడు మొండయ్య. బండి రాకముందు పట్టాలు చూసుకుంట నడుస్తడు."

"తెలుసు. అందుకే నిన్నే పంపుతున్న." చీఫ్ గొంతు తగ్గించాడు. "లాంచీల మన మనిషి ఒకరుంటరు. కోడ్ వర్డ్ యాద్ పెట్టుకో. కొండగట్టుకు తోవెటు అని అడుగు. కోతులు చూపెడ్తయ్ అంటరు."

*

సోమవారం పొద్దున జలకన్య ధర్మపురి రేవు వదిలింది. గంగ నిండుగా, ఎర్రగా పారుతోంది. సిద్దిరాములు బీడీలకు వాడే తునికాకు కాంట్రాక్టరు వేషం వేశాడు. తలకు ఆరు మూరల రుమాలు, వేలికి గిల్టు ఉంగరం, చంకలో తోలుసంచి.

అతనితో కలిపి పేషెంట్లు పన్నెండు మంది. మిగతా అందరూ కోరుట్ల, జగిత్యాల, లక్సెట్టిపేట వైపు రైతులు, దుకాణదారులు. వోల్మర్ పొడుగ్గా, తెల్లగా, ఉతికిన చొక్కాలా ఉన్నాడు. లాంచీ నడిపే సరంగు ఎవరితోనూ మాట్లాడడు. ఇక నర్సు కుసుం. ఆదిలాబాద్ పిల్ల. తెల్ల చీర, ఎర్ర పెదాలు, కళ్లకు నల్లద్దాలు. ఆమె పట్టీ కట్టి గాలి కొడుతుంటే ముసలివాళ్ల ప్రెషర్ కూడా పది పాయింట్లు లేచేది.

ఎక్కీ ఎక్కగానే ఆమె అందరి మూటలూ విప్పించింది.

"అరె బాబా, తొక్కులు, పచ్చళ్లు, ఒట్టి చేపలు! ప్రెషర్ పేషెంట్లా మీరు, ఉప్పు దుకాణమా?" అంటూ పదకొండు జాడీలు గంగపాలు చేసింది. మధ్యాహ్నం చప్పిడి అన్నం, చప్పిడి పప్పు వచ్చాయి. ఆ తిండి చూసి ఒక షావుకారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

సాయంత్రం సిద్దిరాములు రెయిలింగు పట్టుకుని నిలబడి ఉండగా కుసుం పక్కకు వచ్చింది.

"కొండగట్టుకు తోవెటు, సిస్టర్?"

"కోతులు చూపెడ్తయ్, కాకా." ఆమె నవ్వింది. "మీరేనా? హీరో వస్తడనుకున్న."

"ఆయనకు ప్రెషర్ లేదట."

మంగళవారం ఉదయానికి సిద్దిరాములు చూడవలసినది చూశాడు. కింది అరలో గ్లూకోజు పెట్టెలు ఎనిమిది. వాటిని ఎత్తి పక్కకు జరిపినప్పుడు సరంగు మోకాళ్లు వంగిన తీరు గ్లూకోజుది కాదు. ఆ మాట కుసుంకు చెప్పాడు. లక్సెట్టిపేట రేవులో దిగి చీఫ్‌కు తంతి కొడతానందామె.

మధ్యాహ్నం కుసుం పూటపూటకూ ఇచ్చే గోలీ రంగు మారింది. తెల్లది పోయి పసుపుపచ్చనిది వచ్చింది.

"వోల్మర్ సాబ్ కొత్త మందు. మింగండి."

మింగాడు. గంట తర్వాత లేవబోతే లోకం గిర్రున తిరిగింది. కళ్లముందు చీకటి. డెక్కు మీద కూలిపోయాడు. పడుకుంటే తల తేటగా ఉంది. లేచి కూర్చుంటే తిరుగుతోంది. నిలబడితే కాళ్లలోకి నెత్తురంతా జారిపోయినట్టు మోకాళ్లు ముడుచుకుపోతున్నాయి. చుట్టూ చూశాడు. పేషెంట్లంతా వరికట్టల్లా వరుసగా పడి ఉన్నారు.

లక్సెట్టిపేట రేవు వచ్చింది. దాటిపోయింది. లాంచీ ఆగలేదు.

కుసుం అతని పక్కన కూర్చుని నాడి పట్టింది. "లేవకండి కాకా. లేస్తే పడతరు, పడితే తల పగులుతది. హాయిగ పడుకోండి. రేపు పదకొండు నలభై దాకనే."

"అంటె నువ్వు..."

"నేను అందరి మనిషిని."

ఆమె వెళ్లిపోయింది. ఎవరికీ బేడీలు కూడా పెట్టలేదు. పెట్టే పనే లేదు. సిద్దిరాములు జీవితంలో మూడు జైళ్లు చూశాడు, రెండింటి నుంచి తప్పించుకున్నాడు. తన నెత్తురే కాపలా కాసే జైలు ఇదే మొదటిది. నాలుగు వైపులా గంగ, పైన రేకు, కింద జిలెటిన్. అటు వారధి మీద సుత్తి భుజాన వేసుకుని నడిచే తమ్ముడు. వాడికి ఒక్క కేక వెయ్యాలన్నా ముందు నిలబడాలి.

చేయగలిగింది ఒక్కటే. చూడటం. పడుకునే చూశాడు.

అప్పుడు కనిపించింది. తనతో కలిపి పదకొండు మంది పడి ఉన్నారు. పన్నెండో మనిషి, కోరుట్ల రామవ్వ, అరవై ఐదేళ్ల ముసలిది, రెయిలింగు దాకా నడిచి వెళ్లి తమలపాకు ఉమ్మేసి వచ్చింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"అవ్వా," అన్నాడు గుసగుసగా. "నువ్వు గోలీ మింగలేదా?"

"మింగిన బిడ్డా. ఎందుకు మింగ? అంత దూరం నుంచి తెచ్చిండు పాపం."

"మరెట్ల తిరుగుతున్నవ్?"

ముసలిది అటూ ఇటూ చూసి, ఆకుల డబ్బా మూత తీసింది. పైన తమలపాకులు. కింద, అంచు దాకా, మామిడికాయ తొక్కు.

"ఎవలికి చెప్పకు. చప్పిడి కూడు నా గొంతు దిగది. నిన్నటి సంది ముద్ద ముద్దకూ నంజుకుంటున్న. దొరికితె ఆ నర్సమ్మ నన్ను సుత గంగల ఏస్తది."

సిద్దిరాములుకు అర్థమైంది. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, నీరు ప్రెషర్‌ను నిలబెడుతుంది. వోల్మర్ అన్నీ లెక్కవేసుకున్నాడు గాని, కరీంనగర్ జిల్లా మనిషి మూడు రోజులు తొక్కు లేకుండా ఉంటాడని నమ్మాడు.

"అవ్వా, ఇంత పెట్టు."

"నీకు ప్రెషర్ కదరా?"

"అదే కావాలె ఇప్పుడు."

ఆ సాయంత్రం, మరునాటి పొద్దున పసుపు గోలీలు అతని దవడలో దాగి, తర్వాత గంగలో కలిశాయి. తొక్కు, చెంబుల కొద్దీ గంజి లోపలికి పోయాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆవపొడి ఘాటు. కరీంనగర్ డాక్టరు చూస్తే రాజీనామా ఇచ్చేవాడు.

*

బుధవారం. పదకొండు గంటల పది నిమిషాలు. దూరంగా బ్రిడ్జి స్తంభాలు కనిపిస్తున్నాయి.

ఇంజను ఆగింది. సరంగు చక్రాన్ని తాడుతో బిగించి కట్టాడు. లాంచీ ఇక ప్రవాహం మీదే నడుస్తోంది, ముక్కు నేరుగా నడిమి స్తంభానికే. వెనక చిన్న పడవ నీళ్లలోకి దిగింది. వోల్మర్ ఎక్కాడు, సరంగు ఎక్కాడు.

"నేను! డాక్టర్, నేను!" కుసుం పరుగెత్తింది.

వోల్మర్ టోపీ ఎత్తాడు. "సారీ, సిస్టర్. ఇద్దరికి పనిచేసేవాళ్లకు నా పడవలో చోటు లేదు."

పడవ ఒడ్డువైపు సాగింది. కుసుం నల్లద్దాలు తీసింది. అద్దాలు లేని ఆ ముఖం ఇరవై రెండేళ్ల పిల్లది.

"నువ్వు సుత మాతోనేనా, బిడ్డా?"

వెనుదిరిగింది. ఆ మాట అన్నది సిద్దిరాములు, మోకాళ్ల మీద పాకుతూ వస్తున్నాడు. ఆరు మూరల రుమాలును రెండుగా చించి, రామవ్వ చేత ఒక్కో కాలికి మడమ నుంచి తొడ దాకా బిగించి చుట్టించుకున్నాడు, నెత్తురు కిందికి జారకుండా. ముసలిది వరిమోపు కట్టినట్టు మోకాలు ఆనించి మరీ లాగింది.

"ఎక్కడున్నది పేల్చే గడియారం?"

కుసుం కింది అర వైపు చెయ్యి చూపింది. "ప్రెషర్ మిషన్ పెట్టెల. మొదటి గ్లూకోజు పెట్టె మీద. పదకొండు నలభైకి పెట్టిండు. వైరు కోస్తే పేలుతది."

"కొయ్యకు. వైరు కొసకు మందును పేల్చే రాగి గొట్టం ఉంటది, ఒక జిలెటిన్ కడ్డీల గుచ్చి. ముల్లు తీసినట్టు గొట్టం గుచ్చిన ఆ ఒక్క కడ్డీనే గుంజు. గడియారం, వైరు, కడ్డీ, అన్ని కలిపి పైకి తే."

"నన్ను నమ్ముతున్నరా?"

"నమ్ముత లేను. నేను మెట్లు దిగితె మళ్ల ఎక్కలేను." ముసలిదాని వైపు తిరిగాడు. "అవ్వా, గీమె ఎనుకనే పో."

"ఎనుక ఎందుకు, జుట్టు పట్టుకునే పోత," అంది రామవ్వ. పట్టుకునే వెళ్లింది.

సిద్దిరాములు చక్రం దగ్గరికి పాకాడు. తాడు ముడి పళ్లతో విప్పాడు. ఇక నిలబడాలి. లేచాడు. చెవుల్లో హోరు, కళ్ల అంచుల్లో నలుపు. చక్రం ఆకులను రెండు చేతులా కావలించుకుని నీటిని చూశాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న గంగ. లోతున్న చోట సుడి ఉంటుంది. ఇసుక దిబ్బ మునిగిన చోట నీళ్లు సన్నగా వణుకుతాయి, ఆవు ఒంటి మీద ఈగ వాలినట్టు. ఎడమ పక్క, బ్రిడ్జికి రెండు వందల గజాల ఇవతల, ఆ వణుకు కనిపించింది.

బ్రిడ్జి మీద ఒక మనిషి నడుస్తున్నాడు. భుజాన సుత్తి. చేతిలో పచ్చజెండా. మొండయ్య.

బరువంతా వేసి చక్రం ఎడమకు తిప్పాడు. జలకన్య మూలిగింది. ముక్కు మెల్లగా తిరిగింది. అంతలో మోకాళ్లు ఓడిపోయాయి, చక్రానికి వేళ్లాడుతూనే ఉన్నాడు. ధబ్‌మని ఇసుక తగిలింది. పేషెంట్లంతా ఒకరి మీద ఒకరు దొర్లారు. లాంచీ ఆగింది.

పదకొండు ముప్పై తొమ్మిది. కుసుం పైకి వచ్చింది. ఒక చేతిలో పెట్టె, మరో చేతిలో వైరు కొసన రాగి గొట్టం గుచ్చిన జిలెటిన్ కడ్డీ. డెక్కు మధ్యలో కొయ్యబారి నిలిచిపోయింది. పెట్టెలో టిక్కు టిక్కు.

"ఇసురు!" అన్నాడు సిద్దిరాములు, నేల మీది నుంచి.

"చేతులు... చేతులు వస్త లెవ్వు."

"ఇటు తే పిల్లా!" రామవ్వ గుంజుకుంది. జొన్నచేను మంచె మీద నలభై ఏళ్లు ఒడిసెలతో రాళ్లు విసిరి పిట్టలను కొట్టిన చెయ్యి అది. పెట్టెకు వైరు చుట్టి, ఒడిసెల తిప్పినట్టు నెత్తిమీద రెండుసార్లు తిప్పి వదిలింది. పెట్టె గంగ మీదుగా పక్షిలా పోయి నీళ్లను తాకింది.

ఢాం!

తాటిచెట్టెత్తు నీటికంబం లేచి, జలకన్య మీద పడింది. పన్నెండుగురూ తడిసి ముద్దయ్యారు. ఒక షావుకారు నిన్న మధ్యాహ్నం తర్వాత మొదటిసారి కళ్లు తెరిచి, "వానొచ్చిందా?" అని అడిగాడు.

ఒడ్డున జీపు హారన్ మోగింది. వోల్మర్, సరంగు చేతులెత్తి మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డారు. వాళ్ల ఎదుట రహమాన్ సాబ్, చేతిలో పిస్తోలు.

"సాబ్‌కు గా రేవు ఎట్ల తెలిసింది?" అన్నాడు సిద్దిరాములు.

కుసుం తల వంచుకుంది. "నేనే చెప్పిన, లాంచీ ఎక్కకముందే. పడవ దిగే రేవొక్కటే చెప్పిన, బ్రిడ్జి సంగతి చెప్పలే. ఎవలు గెలిచినా నేను బతకాలనుకున్న."

"రెండు పడవల మీద కాళ్లు పెట్టినోళ్ల గతి గింతేనే," అంది రామవ్వ, చీర కొంగు పిండుకుంటూ. "ఇప్పుడు ఒక్క పడవ లేకపాయె."

బ్రిడ్జి దద్దరిల్లింది. మొండయ్య పచ్చజెండా ఊపుతూ పక్కకు ఒదిగాడు. మిలిటరీ స్పెషల్ వచ్చింది. పెట్టె వెనక పెట్టె, కిటికీ నిండా కుర్రజవాన్లు. కింద ఇసుక దిబ్బ మీద వాలిన లాంచీని, తడిసిన గుడ్డలతో పడుకున్న మనుషులను చూసి వాళ్లు ఈలలు వేశారు, టోపీలు ఊపారు. ఒకడు నోటికి చేతులు అడ్డం పెట్టి హిందీలో ఏదో అరిచాడు.

"ఏమంటుండు బిడ్డా?" అడిగింది రామవ్వ.

సిద్దిరాములు వెల్లకిలా పడుకుని, చివరి పెట్టె వారధి దాటేదాకా లెక్కపెట్టి, అప్పుడు చెప్పాడు.

"దేశం యుద్ధంల ఉంటె, మనం పడవెక్కి షికార్లు చేస్తున్నమట అవ్వా. జర సిగ్గుండాలె అంటుండు."