వేలంలో పరిచిన చీర

పొద్దున్నే జొన్నరొట్టెలు కాలుస్తున్న వైజయంతకు, అత్తగారు హౌసాబాయి తన తొమ్మిది గజాల ఆకుపచ్చ చీర మడతపెట్టి చంకలో పెట్టుకోవడం కనిపించింది. ఎండుద్రాక్ష వేలానికి ఆ ఇంట్లోంచి మామగారు దాజీబా ఒక్కరే వెళ్ళడం అలవాటు.

ఎందుకని అడిగితే, వేలంలో పెట్టెల కింద పరుస్తానంది హౌసాబాయి.

పెట్టెలు విప్పగానే వ్యాపారులు గుప్పెళ్ళతో తీసి చూస్తారు. నాలుగు నోట్లో వేసుకుని మిగతావి నేలకు జారుస్తారు. సరదా పుడితే ఒకరిమీద ఒకరు విసురుకుంటారు కూడా. సాయంత్రం ఎవరో ఊడ్చుకుపోతారు. ఇది రైతు చూపవలసిన మర్యాద అని దాజీబా నమ్మకం. ఆ మర్యాద ఏటా నాలుగు పెట్టెలు మింగుతోందని హౌసాబాయి లెక్క.

దాజీబా రొట్టె సగంలో వదిలేశారు. వ్యాపారులకు కోపం వచ్చి ధర తగ్గిస్తే వచ్చే ఏడు తోట నిలబడేదెలా అన్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు.

"గుప్పెడు పళ్ళ కోసం నా పరువు తీస్తావా?"

"రెండు నెలలు కూర్చుని తొడిమలు తీసినదాన్నండీ. నాకది గుప్పెడులా కనపడదు."

వైజయంత ఎవరి పక్షమూ మాట్లాడలేదు. చెప్పులు మాత్రం వేసుకుంది. చీర రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కదా.

వేలంశాలలో అత్తాకోడళ్ళు చీర పరిచి పెట్టెలు దానిమీదకు చేర్చారు. దాజీబా స్తంభం పక్కన, ఆ ఆడవాళ్ళెవరో తనకు తెలియనట్టు నిలబడ్డారు. వ్యాపారులు వచ్చారు. ముందున్న లావుపాటాయన ఎత్తిన కాలు మళ్ళీ వెనక్కి పెట్టాడు. తల్లి వయసు మనిషి చీరను తొక్కడం ఎలా? అంచునే నిలబడి వంగాడు. పొట్ట అడ్డొచ్చింది. వేళ్ళ కొసలకు నాలుగే పళ్ళు అందాయి.

"ఏం పరీక్ష పెట్టావు ఆయీ," అన్నాడు, అమ్మను పిలిచినట్టే.

"రుచికి నాలుగు చాలు, నాయనా."

చుట్టూ నవ్వులు. వేలంపాట మొదలైంది గాని ఎవరూ నోరు విప్పలేదు. దాజీబా కళ్ళు మూసుకున్నారు.

లావుపాటాయన నములుతూనే, "ఒక్క పండు పోతే ఓర్చుకోలేని మనిషి పెట్టె అడుగున చెత్త పెట్టదు," అని నిన్నటి ధర మీద కిలోకు అయిదు రూపాయలు పెంచి పాడాడు. ఇంకొకడు దానిమీద పాడాడు.

బయట టీ కొట్టు దగ్గర దాజీబా మొదటి గ్లాసు భార్యకు అందించారు. "ముప్పై ఏళ్ళు నీ చేతి కష్టాన్ని నేలపాలు చేశాను," అన్నారు. "వచ్చేసారి నీ చీరెందుకు పాడవాలి? నా ధోతీ పరుస్తాను."

"దానికెవరు ఆగుతారు? కాళ్ళు తుడుచుకుని మరీ వస్తారు."

నవ్వొచ్చి దాజీబాకు పొలమారింది. హౌసాబాయి ఆయన తలమీద మెల్లగా తట్టింది, అంతమంది వ్యాపారులు చూస్తుండగా. ఆయన పరువు సంగతి ఎత్తలేదు సరికదా, దగ్గు తగ్గాక కూడా తల పక్కకు తీసుకోలేదు.