పన్నెండో సీజన్ ఫైలు

బీరువాకి వేసిన తాళం వేసినట్టే ఉంది, కానీ లోపల పన్నెండు ఫైళ్లలో పన్నెండోది మాయమైంది.

ఆడిటర్ ఆఫీసు అమ్మాయి మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే. కింది అరలో చెయ్యి పెట్టి తడిమింది. దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు.

గురువారం మధ్యాహ్నం రెండు దాటింది. రేపు పన్నెండింటికల్లా ఈ ఇంటాయన పన్నెండేళ్ల సంపాదన పట్టిక నగరపాలక సంస్థ కార్యాలయంలో అందాలి. అందులో ఒక్క ఏడాది ఖాళీగా ఉన్నా దరఖాస్తు చెల్లదు. చెల్లకపోతే, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడానికి ఆయన అడుగుతున్న మైదానం కార్ల పార్కింగ్ అయిపోతుంది.

"అక్కా!" అని కేక పెట్టింది.

వంటింట్లోంచి ఆయన అక్క గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మాయ్? బల్లి కనిపించిందా?"

"దొంగ!"

"హమ్మయ్య, బల్లి కాదు కదా." రెండు క్షణాలు గడిచాయి. గరిటె చేతిలోంచి జారింది. "ఏంటీ, దొంగా?"

ఆ ఇంటాయన్ని జనం మెరుపు అనేవారు. పన్నెండేళ్లు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడాడు. స్ట్రైకర్. రిటైరై రెండేళ్లయింది. వయసు ముప్ఫై ఆరు, ఎడమ మోకాలి వయసు మాత్రం అరవై.

మూడు వారాల కిందట మొదటిసారి కలిసినప్పుడే ఆయనకీ ఆ అమ్మాయికీ చిన్న గొడవైంది.

"మీకు ఫుట్‌బాల్ తెలుసా?" అన్నాడు ఆయన, తెలియదని ముందే తేల్చుకున్న గొంతుతో.

"తెలియదు. మీకు పన్నులు తెలుసా?"

"తెలియదు."

"అయితే స్కోరు సమానం. ఫైళ్లు తీయండి."

ఆ రోజు నుంచి ఆమె ఫైళ్లు చదువుతోంది, ఆయన ఎదురుగా కూర్చుని ఏ కాగితం ఏమిటో చెబుతున్నాడు. మొదటి ఏడాది నెలకు పద్దెనిమిది వేల జీతం, ఒక బస్ పాస్. నాలుగో ఏడాదికి జీతం లక్షల్లోకి ఎగబాకింది. ఏడో ఏడాది ఇరవై ఒక్క గోల్స్, కోటీ పన్నెండు లక్షలు. ఆమె అంతకంటే పెద్ద అంకెలు చాలా చూసింది. చూడనిది వేరే ఉంది. బూట్ల కంపెనీ ఒకటి ఆరు ప్రకటనలకు డబ్బిస్తే, మోకాలు దెబ్బతిని ఐదే చేసిన మనిషి, ఆరోదాని డబ్బు అడగకుండానే తిప్పి పంపిన ఉత్తరం. ఆ కాగితం ఆమె మూడుసార్లు చదివింది. రెండుసార్లు మాత్రమే పని కోసం.

ఇప్పుడు ఆ మనిషే వానలో తడిసి, కొద్దిగా కుంటుతూ గుమ్మంలోకి వచ్చాడు.

"సార్, మీ పన్నెండో ఏడాదిని ఎవరో ఎత్తుకెళ్లారు."

"అయ్యో." తల తుడుచుకున్నాడు. "పోనీలెండి, పదకొండు మిగిలాయిగా."

"పోనీలెండా? అరిటిపండ్లా అవి, ఒకటి పోతే పోయిందనుకోవడానికి? ఖాళీ ఉంటే మా సీనియర్ సంతకం పెట్టరు. మైదానం పోతుంది."

"మైదానానిదేముంది, ఇంకోటి చూసుకుందాం."

అక్క గయ్యిమంది. "ఒరేయ్, ఆ మైదానం కోసం ఏడాదిగా నా బుర్ర తిన్నావు. ఇప్పుడు 'ఇంకోటి'యా? జ్వరమేమైనా వచ్చిందా?"

ఆయన తువ్వాలులో మొహం దాచుకున్నాడు. కావలసిన దానికంటే ఎక్కువసేపే దాచుకున్నాడు.

ఆ ఆలస్యం ఆమె కంటపడింది.

మెల్లగా బీరువా దగ్గరికి వెళ్లి పదకొండో ఫైలు బయటికి తీసింది. ప్రతి ఫైలునూ ఆ ఏడాది వాడిన బూట్ల లేసుతో కట్టడం ఆయన అలవాటు. నిన్న సాయంత్రం ఈ ఫైలు చదివి, కట్టింది ఆమే. మామూలుగా, రిబ్బన్‌లా, రెండు చెవులు పెట్టి.

ఇప్పుడు చెవులు లేవు. ముడి పక్కకు జరిగి ఉంది. కొసలు లోపలికి దోపి ఉన్నాయి.

"అక్కా, ఈ ఇంట్లో ముడి ఇలా ఎవరు వేస్తారు?"

అక్క వంగి చూసింది. "ఇంకెవరు? వీడే. బంతి తగిలేచోట ముడి ఉంటే షాట్ పక్కకి పోతుందని చిన్నప్పటి నుంచీ అంతే. పైజామా బొందు కూడా అలాగే కడతాడు."

"అక్కా!" అన్నాడు మెరుపు.

"దొంగ ఫైలు ఎత్తుకెళ్లాడు సరే," అంది ఆమె ఆయన వైపే చూస్తూ. "పక్క ఫైలు కూడా విప్పి చూశాడు, పన్నెండో ఏడాది కాగితం ఇందులో ఎక్కడైనా ఇరుక్కుందేమోనని. తర్వాత బుద్ధిగా కట్టేశాడు. పాపం, స్ట్రైకర్ కట్టినట్టు కట్టేశాడు."



మెరుపు లోపలికి వెళ్లాడు. పరుపు ఎత్తిన చప్పుడైంది. ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టి, రెడ్ కార్డు చూసినవాడిలా తల వంచుకుని నిలబడ్డాడు.

ఆమె విప్పింది. నెల జీతం లేదు. మైదానంలో దిగిన రోజుకే డబ్బు, మ్యాచ్‌కి నలభై వేలు. ముప్ఫై మ్యాచ్‌లలో తొమ్మిదింటికే పిలిచారు. ఏడాది మొత్తానికి మూడు లక్షల అరవై వేలు.

"చూశారుగా," అన్నాడు గొంతు తగ్గించి. "కోటి దాటినవాణ్ని చివరికి రోజు కూలికి పెట్టుకున్నారు. మిగతా పదకొండూ చదివి మీరు నన్ను ఒక రకంగా చూడటం మొదలుపెట్టారు. ఇది చదివాక ఆ చూపు మారితే తట్టుకోలేననిపించింది."

ఆమె మ్యాచ్ చీటీలు తీసి నిమిషాలు కూడుతోంది. కాలిక్యులేటర్ టకటకమంది. ఏడో ఫైలు, ఆ తర్వాత మిగతావీ ఒక్కొక్కటే తెరిచింది. మళ్లీ టకటక.

"తొమ్మిది మ్యాచ్‌లూ మిమ్మల్ని చివర్లోనే దింపారు. మొత్తం రెండు వందల ముప్ఫై ఒక్క నిమిషాలు. గోల్స్ ఐదు. అంటే నలభై ఆరు నిమిషాలకొకటి."

"అయితే?"

"కోటి దాటిన ఏడాది నూట ఇరవై ఎనిమిది నిమిషాలకొకటి." కాలిక్యులేటర్‌ను ఆయన వైపు తిప్పింది. "నాకు ఫుట్‌బాల్ తెలియదు సార్. భాగహారం తెలుసు. అరిగిపోయిన మోకాలితో, రోజు కూలికి, మీ పన్నెండేళ్లలో అన్నిటికంటే బాగా ఆడిన ఏడాది ఇదే. దీన్నా పరుపు కింద పెట్టారు?"

ఆయన ఆ అంకెను చూస్తూ ఉండిపోయాడు. ఎవరూ ఎప్పుడూ ఆ లెక్క వేయలేదు. ఆయన కూడా.

ఆమె పట్టికలో పన్నెండో గడి నింపింది. సీనియర్‌కి ఫోన్ చేసి, రేపు ఉదయం సంతకానికి తెస్తున్నానంది. కాగితాలు సర్దుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"ఒక్క సందేహం సార్. సిగ్గుపడి దాచారు, ఒప్పుకుంటా. మరి మొదటి వారంలోనే ఎందుకు దాచలేదు? అప్పుడైతే అసలు పదకొండేళ్లే అనుకునేదాన్ని కదా."

అక్క గరిటె తీసుకుంది, కానీ వంటింటి వైపు కదల్లేదు.

మెరుపు చెవులు ఎర్రబడ్డాయి. తొంభై వేలమంది అరుస్తుంటే పెనాల్టీ కొట్టిన మనిషి, బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇందాక సగమే చెప్పాను. మిగతా సగం కూడా చెప్పేస్తాను, మధ్యలో ఆపకండి, ఆగితే మళ్లీ చెప్పలేను. మొదటి వారం మీరు ఆడిటరు. ఎవరో ఆడిటరు నా గురించి ఏమనుకుంటే నాకేంటి? రెండో వారం మీరు మూడు రోజులు సెలవు పెట్టారు. ఆ మూడు రోజులూ నేను గేటు దగ్గరే కూర్చున్నాను, అక్కనడిగితే చెబుతుంది. నిన్న పదకొండోది కట్టేసి, 'రేపటితో అయిపోతుంది సార్' అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పని ఉంటేనే వస్తారు, పని అయిపోతే ఎలా రమ్మనాలి? గోల్ ఎలా కొట్టాలో చెప్పమంటే గంట చెబుతాను, ఇది మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. అందుకే పని మిగల్చాలనుకున్నాను. రేపు ఉదయం దొరికిందని చెప్పి నేనే తెచ్చిచ్చేవాణ్ని. ఇంకొక్క రోజు, అంతే. ఫైలు తీసింది నేనే. దాచింది నేనే. మీరంటే ఇష్టపడిందీ నేనే, రెండు వారాల నుంచీ. ఇక మీరేం తేలుస్తారో తేల్చండి."