ప్రార్థన పుస్తకంలో పద్నాలుగో పేరు

"యోసేపు నెత్తిమీద గా లైటేంది?"

వెనక నుంచి ఆ గొంతు వినగానే బ్రష్‌తోనే అటు తిరిగాను. అది 2006 డిసెంబరు. గోదావరిఖనిలో క్రైస్తవ విద్యార్థులు క్రిస్మస్ నాటకం వేస్తున్నారు. కాలేజీలో బొమ్మలు వేస్తానని పేరుంది కాబట్టి తెర గీయడానికి నన్ను పిలిచారు. మా ఇంట్లో దేవుడంటే కొమురెల్లి మల్లన్న. బెత్లెహేము ఎలా ఉంటుందో నాకేం తెలుసు? పశువుల పాక వెనక మన బొగ్గుబాయి మట్టిగుట్టలే వేశాను. యోసేపుకు బాయిలో పనిచేసే మా నాన్న టోపీ, దాని మీద ల్యాంపు పెట్టాను.

"చీకట్ల బిడ్డ మొహం చూడాలంటే వెలుగుండాలె గద" అన్నాను.

"డ్యూటీ దిగినంక ల్యాంపు బాయి కాడనే అప్పజెప్పాలె. ఇంటికెట్ల తెచ్చిండు? యోసేపుకు చార్జిషీటు ఇస్తరు."

ఆమె సంధ్యారాణి. బీఎస్సీ రెండో సంవత్సరం. వాళ్ల నాన్నదీ బాయి పనే. నాటకంలో మరియ వేషం ఆమెది. ముఖం సీరియస్‌గా పెట్టి కాసేపు చూసి, చివరికి పకపకా నవ్వింది. నా తిప్పలు అక్కడే మొదలయ్యాయి.

వెళ్లేముందు ఆమె మామూలుగా అంది: "జైపాల్, రోజూ నీ కోసం ప్రార్థన చేస్త."

మా బస్తీలో ఒక ఆడపిల్ల ఒక కుర్రాడి పేరు చెప్పి దేవుణ్ణి మొక్కుతోందంటే ఇక పెళ్లి మాటలే మిగిలినట్టు. మర్నాటి నుంచి రోజూ రిహార్సల్‌కు వెళ్లి, ఒక్క గాడిదకే నాలుగు రోజులు రంగు వేశాను.

రిహార్సల్ ముందు బైబిలు వాక్యం చదివేవారు. ఒకరోజు ఆమె చదివింది. తప్పిపోయిన కొడుకు తిరిగొస్తుంటే తండ్రి ఎదురు పరుగెత్తే చోట నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ తండ్రిని తలచుకునా, ఆమె గొంతు వినా? ఎంత ఆలోచించినా తేలలేదు.

నాటకం రోజు పొద్దున కాలేజీ క్యాంటీన్ సదయ్య చాయ్ ఇస్తూ అన్నాడు: "సంధ్య బిడ్డ నా మోకాలు కోసం రోజూ ప్రార్థన చేస్తున్నది తమ్మీ. జరంత నయమైంది."

అంటే నా ఒక్కడి కోసమే కాదన్నమాట. నేరుగా రిహార్సల్ దగ్గరికి వెళ్లి ఆమెను అడిగాను. ఆమె ఎవరెవరి కోసం ప్రార్థించాలో రాసుకునే నోట్‌బుక్ తెరిచి చూపించింది. ఐదు, సదయ్య మోకాలు. తొమ్మిది, వినీత్ ఇంగ్లిష్ పేపర్. పద్నాలుగు, జైపాల్. ఆ పేరు అడ్డంగా కొట్టేసి ఉంది.

"సదయ్య మోకాలుకున్న విలువ గూడ నాకు లేదా?"

"ముందు నువ్వు చెప్పు. ఇక్కడికి ప్రభువు కోసం వస్తున్నవా, నా కోసం వస్తున్నవా?"

ప్రభువు కోసం అంటే ఆమె సంతోషిస్తుందని తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె ముందు అబద్ధమాడటం నావల్ల కాలేదు.

"నీ కోసమే వచ్చిన. మొన్న గా తండ్రి కొడుక్కు ఎదురు ఉరికింది విన్నంక ఏడుపొచ్చింది. అది నీ వల్లనో, ఆయన వల్లనో నాకే సమజైతలేదు. నీ కోసమని బాప్తిస్మం మాత్రం తీసుకోను సంధ్యా. గది మోసమైతది."

ఇక అంతా అయిపోయిందనుకున్నాను. ఆమె నోట్‌బుక్ అట్ట గోటితో గీకుతూ అంది:

"నేను గూడ మోసం చెయ్యొద్దనే కొట్టేసిన. మోకరించి కండ్లు మూస్తే నీ మొహమే వస్తున్నది. దేవునికి ఏం చెప్పాల్నో మర్చిపోతున్న. గది ప్రార్థన ఎట్లయితది?"

"మరి ఇప్పుడెట్ల?" అన్నాను.

"నన్నడుగుతవేంది? నాకు గూడ సమజైతలేదు."

చివరి రిహార్సల్‌కు లోపల నుంచి మరియను పిలుస్తున్నారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని లేచింది. రెండడుగులు వేసి, తెర ముందు ఆగి వెనక్కి తిరిగింది.

"యోసేపు ల్యాంపుకు ఇంకింత పసుపు రంగెయ్యి జైపాల్. మనిద్దరికీ తొవ్వ కనబడుతలేదు."