గోడకు ఆనుకున్నవాళ్లు

పొద్దున తొమ్మిదింటికే దీవెన పన్నెండో శతాబ్దంలోకి దిగి, ఉత్తరపు గోడ పొరలు విప్పుకుంటూ కూర్చుంది. రాతి మీద గచ్చు, గచ్చు మీద సున్నం, సున్నం మీద ఎర్రమన్నుతో గీసిన దేవదూతలు. ఎక్కడో యూరప్ తీరాన ఉండి, నలభై ఏళ్ల కిందట సముద్రంలో మునిగిపోయిన చర్చి అది. అప్పటికే కాంతికిరణాలతో కొలిచి దాచిన కాంతిముద్రల ఆధారంగా గుంటూరు కేంద్రంలోని ప్రతిరూపి అనే యంత్రం దాని లోపలి భాగాన్ని తొలినాటి తీరులో కాంతిబొమ్మగా తిరిగి నిలబెట్టింది. ఇక అంతా సరేనని దీవెన అరచేతి ముద్ర పడితే చాలు, ఆ ఊరివాళ్లు మధ్యాహ్నానికల్లా తమ చర్చిలో అడుగుపెడతారు.

ఇప్పటికి పదకొండు చర్చిలకు ముద్ర వేసిందామె. ఒక్కటీ తప్పని తేలి వెనక్కి రాలేదు. కేంద్రంలో అంతటి దిట్ట మరొకరు లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలియనట్టు నటించడం మాత్రం చేతకాదు.

దేవదూతల పాదాలు, జనం కూర్చోడానికి ప్రతిరూపి వేసిన బల్లల వెనక దాగిపోవడం ఆమెకు నచ్చలేదు. కనపడని పాదాలకు అన్ని వేళ్లూ, గోళ్లూ ఏ చిత్రకారుడు గీస్తాడు? బల్లలు పక్కకు జరిపి, ప్రతిరూపి చెరిపేసిన పొరను మొదటిసారి తెరిచింది. నేలకు రెండున్నర అడుగుల ఎత్తున, గోడ పొడవునా మసక చార. కొవ్వొత్తుల మసి అని ప్రతిరూపి రాసుకుంది.

మసి కాదు, తలల జిడ్డు. దీవెనకు అది కొత్తేం కాదు. వాళ్ల పాలెం చర్చిలో అందరూ చాపల మీదే కూర్చుంటారు, నడుం నిలవని ముసలివాళ్లు గోడవార చేరతారు. క్రిస్మస్‌కు సున్నం కొడితే ఈస్టర్ నాటికి అదే ఎత్తున చార తేలేది. నాయనమ్మ తల ఆన్చే చోటైతే ఎన్ని పూతలకూ లొంగేది కాదు.

అంటే ఇక్కడా జనం నేల మీదే కూర్చున్నారు. బల్లలున్న చర్చిలను చూసి నేర్చుకున్న ప్రతిరూపి అన్నిచోట్లా బల్లలే వేసింది. దీవెన తన పాత జాబితా తీసి చూసింది. తను ముద్ర వేసిన పదకొండింట్లోనూ అవే బల్లలున్నాయి.

పై అధికారి యోహాను గారు వచ్చి అంతా ఓపిగ్గా విన్నారు. చర్చి అంటే బల్లలుంటాయన్న ఈ ఒక్క సూత్రం కాదంటే దాని మీద నిలబడ్డ నాలుగు వందల చర్చిల ముద్రలూ చెల్లకుండా పోతాయని గుర్తుచేశారు.

"ఇయ్యాలకి ముద్రెయ్యమ్మా, తర్వాత నిదానంగా చూసుకుందాం. ఇన్నేళ్లు తెచ్చుకున్న పేరు పోద్ది."

"పోతే పోనియ్యండి సార్. నా పనిలో తప్పు పట్టగలిగేది కూడా నేనే. మా నాయనమ్మలా కూర్చున్నోళ్లండీ వాళ్లు. వాళ్లని తుడిచేసి, ఇదే మీ చర్చి అని ఆ ఊరోళ్లకి ఎట్టా చూపించను? ఓ నెల ఆగుతారు లెండి."

దీవెన నిరాకరణ మీద అరచెయ్యి పెట్టింది. ప్రతిరూపి కారణం అడిగితే 'నేల మీద కూర్చున్నారు' అని చెప్పింది. అప్పుడు ప్రతిరూపి, ఆమె ముద్ర వేసిన పదకొండూ కూడా తిరిగి తెరవాలా అని అడిగింది.

"ముందు అయ్యే తెరువు," అంది దీవెన, తలెత్తి.