వెనక ఎడమ చక్రం

"స్టీరింగ్ ముందట బండి జారుతున్నట్టు బొమ్మ వెలుగుతాంది. జారుతలేదు గదా మరి!" అంటూ స్వర్ణ తన తెల్ల కారు దిగింది.

నకిరేకల్ బైపాస్ పక్కన రేకుల షెడ్డు డానియల్‌ది. బండి లోపం పట్టే స్కానర్ అందుకుంటూ నవ్వాడు. "జారినంక వస్తే నేనేం జేస్త మేడం? పాపం, ముందే చెప్తాంది."

"మేడం అనకు. వ్యవసాయ శాఖల పని నాది. పత్తి చేన్ల పొంటి తిరిగేదాన్ని."

స్కానర్ మీద కోడ్ పడింది. వెనక ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ సిగ్నల్ మధ్యమధ్యలో తెగిపోతోంది. అది తెగితే తడి రోడ్డు మీద బండిని అదుపులో ఉంచే ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ రెండూ పనిచెయ్యవు. చక్రం విప్పి వైరు చూడాలి. డానియల్‌కు ఆ సంగతి తెలుసు. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆమె నుదుటి మీది తడి చున్నీతో తుడుచుకుంటూ అతన్నే చూస్తోంది. అతను కోడ్ చెరిపేశాడు. లైటు ఆరిపోయింది.

"గింతేనా? మెకానిక్‌వా, మంత్రగాడివా?"

"మళ్ల వెలిగితే రా, చూద్దాం."

వెలిగింది. ఆమె వచ్చింది. అతను మళ్లీ చెరిపేశాడు. ఈసారి చాయ్ తెప్పించాడు. ఆ తర్వాత కూడా అంతే. చక్రం విప్పితే రోగం కుదురుతుంది, కుదిరితే స్వర్ణ రాదు. ఇవాళ కాదు, వచ్చేసారి చూద్దామని తనకు తనే సర్ది చెప్పుకునేవాడు.

ఒక వానరోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. "డానియల్, బండి చేన్ల పడ్డది. అమ్మకు దెబ్బ తాకింది. జర రా."

నల్లగొండ రోడ్డు మలుపులో బర్రె అడ్డం వచ్చిందట. బ్రేకు తొక్కితే బండి గిర్రున తిరిగిందట. తల్లి బిక్షమ్మ మణికట్టు వాచిపోయి ఉంది. ఇద్దరినీ తన బండిలో దవాఖానకు చేర్చి, అతను మళ్లీ చేనుకు పోయాడు. బురదలో పడుకుని చక్రం వెనక చెయ్యి పెట్టాడు. ఒరుసుకుని తెగిన వైరు వేళ్లకు తగిలింది. చూడటానికి పట్టేది కాసేపే. ఆ కాసేపు తను ఎన్నడూ ఇవ్వలేదు.

దవాఖాన వరండాలో స్వర్ణ ఎదురొచ్చింది. "నాదే తప్పు. పొద్దుగాల లైటు వెలిగింది. నువ్వున్నవ్ గదా అని ఫికర్ చెయ్యలే."

తల ఊపేస్తే చాలు, అంతా అక్కడితో పోతుంది. కానీ 'నువ్వున్నవ్ గదా' అన్న మాటే అతనికి చెంపదెబ్బలా తగిలింది.

"నీది కాదు, నాది. మొదటి రోజే తెలుసు నాకు. బాగు చేయలే. లైటు ఆర్పి పంపిన."

"ఎందుకు?"

"నువ్వు మళ్ల వస్తవని."

"మా అమ్మను కూసోబెట్టుకొని నడిపిన నేను ఆ బండిని," అంది స్వర్ణ. వార్డులోకి పోయి తలుపు వేసుకుంది.

డానియల్ కారును షెడ్డుకు లాక్కొచ్చి వైరు మార్చాడు. వాన పడుతుండగా మలుపులన్నీ తిప్పి చూశాడు. ఆమె ముందు నిలబడే మొహం లేక, కారును ఇంటిముందు పెట్టి, తాళం పక్కింట్లో ఇచ్చి వచ్చేశాడు. ఆ తర్వాత షెడ్డు ముందు ఏ తెల్ల కారు ఆగినా అతని తల కిందికే దిగేది.

విరిగిన చేతికి వేసిన కట్టు విప్పే రోజు పొద్దున బిక్షమ్మే ఫోన్ చేసింది. "ఏం పిలగా, చెయ్యి ఇరగ్గొట్టి దాక్కున్నవా? దవాఖానకు పోవాలె. నువ్వే నడుపు."

"నేనా అమ్మా? నన్ను నమ్ముతరా?"

"తప్పు ఎవలు జూడకున్నా ఒప్పుకున్నవ్. ఇగ చాలు, బయల్దేరు."

స్వర్ణ కారును అతనే నడిపాడు. వెనక సీట్లో ఉన్న స్వర్ణ వైపు అద్దంలో కూడా చూడలేకపోయాడు. బిక్షమ్మను లోపలికి పిలిచాక బయట ఇద్దరే మిగిలారు.

"కోపం పోయిందా?" అన్నాడు నేల చూస్తూ.

"పోలే," అంది స్వర్ణ. "నన్ను చూడాలనిపిస్తే బండి చెడగొట్టుకుంట కూసుంటవా? నోరు లేదా?"

"సిగ్గయితాంది, స్వర్ణా."

"కానియ్యి. సిగ్గుపడుకుంటనే చెప్పు."

డానియల్ తలెత్తాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. "చూడాలనిపిస్తాంది. రోజూ."

స్వర్ణ బెంచీ మీద కొంచెం జరిగి, పక్కన జాగా ఇచ్చింది.