నడుస్తుండగానే మార్చాలి

అహ్లోన్ రేవులో, పాత బియ్యం మిల్లు గోడకి ఆనుకుని ఇన్‌ఫార్మర్ దండాసి చనిపోతున్నాడు. టైమ్ పదకొండు ఇరవై. ఎవరో సైలెన్సర్ పిస్టల్‌తో దగ్గరనుంచి కాల్చారు. దండాసి తను ముఠా దగ్గర కొట్టేసిన చిన్న యూఎస్‌బీ కీని ఏజెంట్ విన్సెంట్ చేతిలో పెట్టి, ఆఖరి మాట చెప్పాడు.

"మద్దేన్నం పన్నెండు... తామ్వే ఆస్పత్రి... పసిపిల్లల వార్డు."

దండాసి ముందే పంపిన కబుర్లతో కలిపి చూస్తే విన్సెంట్‌కి అర్థమైంది. ఆయుధాలమ్మే విదేశీ ముఠా తన సైబర్ అస్త్రానికి శాంపిల్ చూపించబోతోంది. నలభై ముగ్గురు పసికందులకి ఆక్సిజన్ అందించే సాఫ్ట్‌వేర్‌లో ఒక కాంపొనెంట్ తీసేసి, పన్నెండు కొట్టగానే ఆక్సిజన్ ఆపేసే విషపుది పెట్టింది.

డాక్టరు కోటులో అతను ఆస్పత్రి సర్వర్ గది చేరేసరికి పదకొండు యాభై. లోపల పట్టు లుంగీలో ఏంజెలీనా. ఆ సాఫ్ట్‌వేర్ డిజైన్ చేసింది ఆమే. విన్సెంట్ ఏజెన్సీకి పనిచేస్తూనే దాని గుట్టు ముఠాకి చేరవేసిందీ ఆమే.

పిస్టల్ ఎత్తాడు. "మెషీన్ ఆపీ."

"ఆపితే మళ్లీ లెగడానికి ఇరవై నిమిషాలు. పిల్లలు అయిదు నిమిషాలు కూడా తట్టుకోలేరు, విన్సెంటన్నా. నడుస్తుండగానే పార్టు మార్చుకునేలా దీన్ని కట్టినాను. దానికి కీ కావాల. నా కీ ఆళ్లు లాగేసుకున్నారు."

"నిన్నెలా నమ్మీది?"

"నమ్మకు. తుపాకీ అలాగే ఉంచు. డేటా దొంగతనమనే నాకు చెప్పినారు. పిల్లల సంగతి చెప్పలేదు. తెలిసిన ఎంటనే ఇక్కడికి పరిగెత్తినాను."

ఆమెది అబద్ధమైతే, నలభై ముగ్గురినీ తన చేత్తో చంపినట్టే. ఇవ్వకపోతే చూస్తూ చంపినట్టు. దండాసి ఇచ్చిన కీని విన్సెంట్ ఆమె చేతిలో పెట్టాడు.

పదకొండు యాభై ఆరు. ఏంజెలీనా కొత్త కాంపొనెంట్ ఎక్కించి, విషపుదాన్ని తీయబోయింది. స్క్రీన్ ఎర్రబడింది. బిజీ. మళ్లీ నొక్కింది. బిజీ.

"పని మధ్యలో ఉన్నదాన్ని లాగితే పంపులన్నీ ఆగిపోతాయి. ఖాళీ అయినప్పుడే తియ్యాల." ఆమె స్క్రీన్ వైపు వేలు చూపించింది. "ఈ విషపుది పంపుల్ని ఊరికే పిలిచి, పని తెచ్చుకుంటంది. ఇంక ఖాళీ అవదు."

"ఆ పని ఏ దారిన వస్తంది?"

"కనెక్టర్లలోంచి. పంపులకీ దీనికీ మధ్య దారులవి. పన్నెండున్నాయి."

"అయితే దాని జోలికెళ్లకు. దారులు కొత్తదానికి మళ్లించీ."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, కీబోర్డు మీద వంగింది. ఒకటి మళ్లింది. నాలుగు. ఏడు. పదకొండోది రెండుసార్లు తప్పింది. పన్నెండోది మళ్లేటప్పటికి, పన్నెండు గంటలు కొట్టడానికి మిగిలింది మూడు సెకన్లు. పని అందని విషపు కాంపొనెంట్ చప్పబడింది. ఖాళీ. ఆమె దాన్ని పీకేసింది.

ఆక్సిజన్ గేజ్ ముల్లు వణికి, నిలబడింది.

ఏంజెలీనా నేలమీద కూలబడి, రెండు చేతులూ చాచింది. విన్సెంట్ జేబులోంచి బేడీలు తీస్తుండగా ఫోన్ మోగింది. కంట్రోల్ రూమ్.

"విన్సెంట్, సిస్టమ్ షట్‌డౌన్‌కి పైనుంచి అనుమతి వచ్చింది. వెంటనే ఆపెయ్."

విన్సెంట్ వెంటనే ఆపేశాడు, ఫోన్‌ని.