ఐస్ ఫ్యాక్టరీ మలుపులో తెల్ల స్తంభం

ఐస్ ఫ్యాక్టరీ మలుపులో దెయ్యం ఉందని మా ఊళ్లో చెప్పనివాళ్లు లేరు. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. గేటు తుప్పు పట్టింది, పైకప్పు సగం కూలింది. కానీ రాత్రిపూట ఆ గేటు పక్కన ఒక ఆడమనిషి నిలబడుతుందట... తెల్లగా... బండి మీద వెళ్లేవాళ్లని తన వైపు లాక్కుంటుందట. కార్లవాళ్లను ఏమీ అనదు. లారీల జోలికి అసలు పోదు. ఆమె కన్నంతా మోటార్‌సైకిళ్ల మీదే.

ఆమె ఎవరంటే మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. కోల్డ్ రూంలో ఉండగా బయట తాళం పడి చనిపోయిన పనామె అని ఒకరు, ఓనరు మొదటి భార్య అని ఇంకొకరు. మనిషెవరో తెలీదు గానీ కట్టుకున్న చీర రంగు మాత్రం అందరికీ తెలుసు.

పడ్డవాళ్లంతా పడింది ఒక్కచోటే. రోడ్డు అక్కడ కుడికి తిరుగుతుంది. వీళ్లు మాత్రం తిన్నగా పోయి, ఎడమ పక్కనున్న గేటు స్తంభాన్ని గుద్దుకునేవాళ్లు. కాలనీ పెద్దలు దీని మీద మీటింగ్ పెట్టుకున్నారు. టీలు తాగారు, తలలు పంకించారు. చివరికి ఆ స్తంభానికి తెల్ల సున్నం కొట్టించి, పైన ఒక బల్బు పెట్టించారు. దూరం నుంచే కనిపిస్తే జనం జాగ్రత్తపడతారని వాళ్ల ఆలోచన. ఆ తర్వాత పడేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. దెయ్యానికి బలం పెరిగిందన్నారు. ఆ బుర్రల మీద నాకు జాలి కూడా కలగలేదు.

ఆ పడ్డవాళ్లలో మా బావ ఒకడు.

మా బావగారి గురించి కొంచెం చెప్పాలి. కాలనీకి నీళ్ల పైపు వచ్చిందంటే ఆయన ఒక మాట చెప్పబట్టే. పక్కింటావిడ కొడుకు పరీక్ష పాసయ్యాడంటే ఆయన సలహా వల్లే. వాన పడితే, పడుతుందని పొద్దున్నే చెప్పింది తనే. ఇక బండి సంగతి అడగక్కర్లేదు. మీసాలు రాకముందు నుంచీ నడుపుతున్నాడట. అంత అనుభవం ఉన్న మనిషి మా అక్కను వెనక కూర్చోబెట్టుకుని పోయి పోయి ఆ స్తంభాన్నే గుద్దాడు.

ఆయనకు బండి అద్దం ఒకటి పోయింది. మా అక్కకు మోకాలు పోయింది.

లోపల ప్లేటు వేశారు. డాక్టరు ఎక్స్‌రే తీసి చూపించి మరీ చెప్పాడు: "ఇదే మోకాలి మీద ఇంకోసారి పడితే ఈ కాలు ఇక వంగదమ్మా." మా అక్క పని ఆసుపత్రి ల్యాబ్‌లో. డ్యూటీ దిగేసరికి రాత్రవుతుంది. ఇంటికి ఆ మలుపు తప్ప వేరే దారి లేదు. బావ మాత్రం మంచం పక్కన కూర్చుని వచ్చినవాళ్లందరికీ గొంతు తగ్గించి చెప్పేవాడు — "లాగింది... నా చేతుల్లోంచి హ్యాండిల్ లాగేసింది... నేను కాబట్టి అంతటితో ఆగింది."

ఆ మంచం మీద ఉండగానే మా అక్క, ఇక బండి తనే నడపాలని నిర్ణయించుకుంది. కాలు నేల మీద ఆనడం మొదలవగానే బండి నేర్పే చోటికి వెళ్లింది. పాత బస్ డిపోలో ఒకావిడ నేర్పుతుంది. ఒకప్పుడు పోలీసు బండి నడిపిన మనిషి. మెడలో విజిల్ వేసుకుంటుంది, మాట తక్కువ.

మా బావ కూడా వచ్చాడు, నవ్వడానికి. పెద్ద పెద్ద వాళ్లు కోన్ల మధ్య నత్తల్లా తిరుగుతుంటే గోడకి ఆనుకుని ఇకిలించాడు. మేడం కాసేపు చూసి పిలిచింది. "మీరు ఒకసారి నడపండి సార్."

బస్సులు తిరిగేంత స్థలం. అందులో ఒకే ఒక్క కోన్ పెట్టింది. దాని పక్కనుంచి తిప్పుకుని రమ్మంది. మా బావ దాన్నే గుద్దాడు. మళ్లీ వెళ్లి, మళ్లీ దాన్నే గుద్దాడు.

"మీరు దాన్నే చూస్తున్నారు సార్. మనం ఎటు చూస్తే బండి అటే పోతుంది. వెళ్లాల్సిన చోటు చూడండి."

"గాలి తోసిందండీ," అన్నాడు బావ. ఆకు కూడా కదలడం లేదు.

మా అక్క నవ్వలేదు. తెల్ల స్తంభం, బల్బు, దాన్ని దూరం నుంచే గుడ్లప్పగించి చూస్తూ వచ్చే జనం... ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఆ రోజు నుంచి మలుపు తిరగడం ఒక్కటే సాధన చేసింది. ముందే స్పీడు తగ్గించడం, గడ్డం తిప్పి మలుపు అవతలి చివర చూడడం. ఎంత అలవాటైందంటే ఇంట్లో వంటగదిలోకి తిరిగేటప్పుడు కూడా ముందు గడ్డం తిప్పేది. ఆమెను చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది.

ఒక రాత్రి డ్యూటీ దిగి బావ చేతిలోంచి తాళం తీసుకుంది. "నేను నడుపుతాను. మీరు వెనక కూర్చోండి."

"ఆ మలుపులోనా... నువ్వా..."

"లేకపోతే ఆటోలో రండి."

ఎక్కి కూర్చున్నాడు. ఇద్దరికీ గడ్డం దాకా మూసుకునే హెల్మెట్లు. ఆ తర్వాత జరిగింది మా అక్క చెప్పిందే చెబుతున్నాను.

మలుపు దగ్గర పడింది. దూరంగా బల్బు వెలుగు... దాని కింద తెల్లగా, నిలువుగా... కంటి చివర తెలుస్తోంది. ఆమె స్పీడు తగ్గించింది. గడ్డం కుడికి తిప్పింది. రోడ్డు అవతలి చివర, చీకట్లో కలిసే చోట చూపు పెట్టింది.

అప్పుడు వినిపించింది... చెవి పక్కనే...

"ఎడమవైపు... చూడు..."

పాడు మనిషి అనుకుంది. మోకాలి లోపల ప్లేటు చల్లగా తగిలినట్టయింది.

"ఒక్కసారి... ఇటు చూడు..."

మెడ లాగేస్తోంది. ఆమె చూడలేదు. పళ్లు బిగించి రోడ్డు చివరే చూసింది. బండి గీత గీసినట్టు తిరిగింది. స్తంభం వెనక్కి పోయింది.

ఇంటి ముందు ఆగేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను. అక్క స్టాండు వేసి, హెల్మెట్ తీసి, కోపంగా బావ వైపు తిరిగింది.

"చెవిలో అలా గొణుగుతారా? నన్ను మళ్లీ పడెయ్యాలనా?"

బావ హెల్మెట్ అద్దం కిందికే ఉంది. పట్టీ విప్పుకోవడానికి వేళ్లు రావడం లేదు. నేనే విప్పాను. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేం అనలేదు," అన్నాడు. "కళ్లు మూసుకుని కూర్చున్నా. నేనేం అనలేదు."

నాకు మొదట నవ్వొచ్చింది. పిరికితనం దాచుకోవడానికి ఇంకో కథ అనుకున్నాను. తర్వాత అక్క హెల్మెట్ తీసుకుని పెట్టుకుని చూశాను. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న అక్క మాటే సరిగ్గా వినపడలేదు... దాని లోపలికి గుసగుస ఎలా వెళ్తుంది?

మా బావను ఏడిపించడానికి అప్పుడప్పుడు అడుగుతుంటాను, ఆ రాత్రి అన్నది నువ్వే కదా బావా అని. కుళాయిలో నీళ్లొచ్చినా, ఆకాశంలో వాన పడినా తన వల్లే అనే మనిషి... ఆ రెండు మాటలు మాత్రం తనవి కాదంటాడు.